ఏడాది చివర వెనక్కి చూసుకోవడానికి మీరేం చేస్తారు?

ఓరుగల్లు అమ్మాయి:
డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఆఫీసులో "ఈ ఏడాది ఏం సాధించావ్?" అని మొదలుపెడతారు. ఒకరు ఫ్లాట్ కొన్నారు, ఇంకొకరు కాశీ వెళ్లొచ్చారు. నాకేమో పొద్దున టిఫిన్ బాక్సులు, కాజీపేటలో సికింద్రాబాద్ రైలు, రాత్రికి మళ్ళీ వెనక్కి. డైరీ ఎప్పుడు కొన్నా సంక్రాంతి దాటదు. రోజూ ఒకేలా గడిచిపోతుంటే తిరిగి చూసుకోవడానికి ఏముంటుంది? పెద్ద పెద్ద మాటలు వద్దు. మీరు నిజంగా చేసేదేంటో చెప్పండి.

పంచాంగం బాబాయ్:
మన ఏడాది అప్పుడే ఎక్కడ అయిపోయిందమ్మా! పాత సంవత్సరం ఇంకా నడుస్తోంది, ఉగాదికే కొత్తది మొదలు. ఆ రోజు పంచాంగ శ్రవణంలో నీ రాశికి చెప్పే ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలు రాసి పెట్టుకో. పై ఉగాదికి తీసి చూడు. నేను చేసేది అదే. ఆదాయం ఎప్పుడూ కలవదు, వ్యయం మాత్రం తు.చ. తప్పదు.

తణుకు టైలరక్క:
నాకు డైరీ లేదండి, కొలతల పుస్తకం ఉంది. ధనుర్మాసంలో పెళ్ళి జాకెట్ల గొడవ ఉండదు కదా, సంక్రాంతి బట్టలు మీద పడేలోపు ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తాను. అసలు పని బాకీలు చూసుకోవడం, కుట్టించుకుని తీసుకెళ్ళని జాకెట్లు ఎవరివో తేల్చుకోవడం. కానీ పేజీలు తిప్పుతుంటే మా వీధి మొత్తం కనబడుతుంది.

జూన్‌లో యూనిఫాం కుట్టిన పిల్లాడి ప్యాంటు నవంబర్‌లో మడత విప్పడానికి వచ్చింది. (కింద రెండంగుళాలు ఎప్పుడూ వదిలే కుడతాను, వాళ్ళమ్మకి ముందే చెప్పను.) వరలక్ష్మీ వ్రతం ముందు వారం రాసిన పేజీల్లో నా రాత నాకే అర్థం కాదు.

ఈసారి ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆవిడ పేరు చెప్పను. జనవరిలో ఛాతీ 38. ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఆది జాకెట్టు తేలేదు, "మళ్ళీ కొలువమ్మా" అంది. 34. చేతులు మోచేయి దాటించి పెట్టమంది. మండే ఎండల్లో ఎవరండీ అంత పొడుగు చేతులు పెట్టించుకునేది? టేపు పట్టుకున్నప్పుడు కనబడింది, మోచేతి మడతలో సూదులు గుచ్చి గుచ్చి నల్లగా కమిలిపోయి ఉంది. నేనేం అడగలేదు, ఆవిడేం చెప్పలేదు. "లోపల గుడ్డ ఎక్కువ వదలనా?" అన్నాను. "వదులు. మళ్ళీ ఒళ్ళు చెయ్యకపోతానా" అంది.

అక్టోబర్‌లో అవే జాకెట్లు పట్టుకొచ్చింది, పక్క కుట్లు విప్పమని. 35½. చేతులు కూడా ఎప్పటిలా పొట్టిగా కత్తిరించేయమంది. పీకోకి ఇచ్చిన చీర లేటయిందని నన్ను నాలుగు మాటలు అని మరీ వెళ్ళింది. అప్పుడనిపించింది, మనిషి కోలుకుందని!

మీరూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. పాల లెక్కో, చీటీ లెక్కో. కొత్త డైరీ ఎందుకండీ, అదే తీసి చదవండి.

రాయచోటి టు కువైట్:
నేను ఇక్కడ డ్రైవర్ని. మా అమ్మ ధనుర్మాసం నెలంతా రోజూ ముగ్గు ఫోటో పెడుతుంది. అక్కడ ఆరు గంటలంటే ఇక్కడ మూడున్నర, నేను లేచేసరికే ఫోన్‌లో ఉంటుంది. అక్క చెప్పింది చదివి పోయినేడు ఫోటోలు తీసి పక్కన పెట్టి చూసినా. అప్పుడు వాకిలి నిండా ఉండేది, నడుమ గొబ్బెమ్మ. ఈ యేడు మెట్టు కాడ చిన్నది వేసి సరిపెడుతోంది. మోకాళ్ళ నొప్పి సంగతి ఫోన్‌లో ఒక్కనాడూ అనలేదు. తమ్ముడికి చెప్పి డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నా.

ఓరుగల్లు అమ్మాయి:
నాకు పాల లెక్క కూడా లేదక్కా, ప్యాకెట్ పాలే. కానీ మా రైల్లో ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది. "సీటు ఆపాను", "ఘన్‌పూర్‌లో నిలబెట్టేశాడు", "ఆలేరు దాటాం", ఏడాదంతా ఇవే. ఇంటికొస్తూ జనవరి దాకా వెనక్కి వెళ్ళాను. జనగామలో ఎక్కే ఒకమ్మాయి రోజూ "వస్తున్నా, తలుపు దగ్గర జరగండి" అని పెట్టేది. ఆగస్టు తర్వాత ఆమెది ఒక్క మెసేజ్ లేదు. మాలో ఒక్కరం కూడా ఎందుకని అడగలేదు! ఫోన్ చేశాను. పాప పుట్టిందట, మూడో నెల. వచ్చే ఆదివారం నలుగురం వెళ్తున్నాం.

అక్కా, మూడు నెలల పాపకి గౌనుకి ఎంత గుడ్డ పడుతుంది?

తణుకు టైలరక్క:
మీటరు తీసుకోండి, కుచ్చులు పెట్టినా చాలు. నెట్టు గుడ్డ వద్దు, గుచ్చుకుంటుంది, మెత్తటి కాటన్ తీసుకోండి. కుట్టడం మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చుకోండమ్మా, భోగి దాకా కొత్త బట్ట తీసుకోనని షాపు ముందు బోర్డు పెట్టేశాను.