స్టెంట్ పడిన నాన్నగారికి యోగా చేయించవచ్చా?

ప్రశ్న (తెనాలి అబ్బాయి):
మా నాన్నగారికి 64 ఏళ్లు. సంక్రాంతి ముందు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. డాక్టరుగారు రోజూ నడవమన్నారు. ఈయనేమో కాళ్ల నొప్పులంటూ కదలడం లేదు. ఈలోగా మా బాబాయి "కపాలభాతి చెయ్యి అన్నయ్యా, బ్లాకులు కరిగిపోతాయి, మాత్రలతో పనిలేదు" అని రోజూ వీడియోలు పంపుతున్నాడు. నాన్న సగం నమ్మేశారు. ఏం చెయ్యమంటారు?

జవాబు (రిటైర్డ్ మాస్టారు):
ముందు మాత్రలు ఆపనివ్వకు బాబూ. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఇస్తారు. సొంతంగా మానేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు. నాకూ స్టెంట్ ఉంది, యోగా కూడా చేస్తాను. ఆ రెంటికీ తగాదా లేదు, పెట్టేది బాబాయిలే.

మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ అనే పరిశోధన చేశారు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. యోగా వల్ల మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం లాంటివి తగ్గాయని తేల్చలేకపోయారు. కానీ ఆరోగ్యం బాగుందన్న భావన, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం యోగా చేసినవాళ్లలోనే మెరుగ్గా ఉన్నాయి. నాకది చిన్న సంగతేమీ కాదు. స్టెంట్ పడిన కొత్తలో ఎడమ చెయ్యి కాస్త లాగినా టెన్షనే, మెట్లెక్కాలన్నా భయమే. నిదానంగా ఊపిరి వదలడం, శవాసనం అలవాటయ్యాకే కాస్త నిద్రపట్టింది.

ఊపిరి గబగబా కొట్టే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం, శీర్షాసనం జోలికి నేను పోను. ఊపిరి బిగబట్టి ముక్కితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఇంకోటి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు శవాసనం నుంచి పక్కకు తిరిగి మెల్లగా లేవాలి. లేకపోతే కళ్లు తిరుగుతాయి.

జవాబు (ఫిజియో, వరంగల్):
కాళ్ల నొప్పులంటే మోకాళ్లా, పిక్కలా? కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే కాలి రక్తనాళాలు కూడా పూడుకుని ఉండవచ్చు. చీలమండ దగ్గరా చేతికీ బీపీ కొలిచి పోల్చే తేలిక పరీక్ష ఉంది. అదే అని తేలితే ఆసనాలు సరిపోవు. డాక్టరు చూసి సరేనన్నాక, నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం ముఖ్యమైన వైద్యం. సిగరెట్ ఉంటే మానాల్సిందే.

తెనాలి అబ్బాయి:
అడిగితే చెయ్యి పిక్క మీదే పెట్టి చూపించారండీ. బజారుకు వెళ్లేలోపే ఆగి నిలబడుతున్నారట, అమ్మ చెప్పింది. ఈ వారమే చూపిస్తాం. సిగరెట్ సంగతి డాక్టరుగారికి నేనే చెప్తాను, ఆయన చెప్పరు.