అప్‌డేట్: మా ఆయనకు కాస్త నిద్ర పడుతోంది

రెండు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయన ఫైర్ సర్వీసులో చేస్తారు. ఘాట్ రోడ్డులో బోల్తా పడ్డ జీపులోంచి ఒక పాపను బయటికి తీసిన రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు, ఏం చేయాలి అని.

మీలో ఒకరు చెప్పినట్టే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబరు 14416కి ఫోన్ చేశాను. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. మొదటి రోజుల్లో ఇలా ఉండటం సహజమేనట. కానీ నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలన్నారు. జరిగింది చెప్పమని బలవంతపెట్టొద్దు, ఆయనంతట ఆయన చెబితే వినమన్నారు. నేను అప్పటిదాకా చేసిన తప్పు అదే, రోజూ గుచ్చి గుచ్చి అడిగేదాన్ని.

ఆయన మాత్రం ససేమిరా అన్నారు. "ఈ ఉద్యోగంలో ఇవన్నీ మామూలే" అని ఒకటే మాట. సబ్బుతో చేతులు కడుగుతూ పంపు దగ్గరే అరగంట నిలబడేవారు.

2023 జూన్‌లో బాలాసోర్ జిల్లా బాహానగా రైలు ప్రమాదం తర్వాత, నీళ్లు చూస్తే రక్తంలా కనిపిస్తోందని సహాయక పనులు చేసిన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) జవాను ఒకరు అన్నాడట. ఇంకొకరికి ఆకలే చచ్చిపోయిందట. ఆ దళం అధిపతే అందరి ముందూ చెప్పిన సంగతి ఇది. ఆ వార్త చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాప కాలికి ఒక్క చెప్పే ఉందే" అని ఏడ్చేశారు.

మర్నాడు ఆయనే బరంపురం వెళ్దామన్నారు. ఇప్పుడు వారానికోసారి కౌన్సెలింగ్. రాత్రి నాలుగైదు గంటలు పడుకుంటున్నారు.