ఎండలో నిలిచే కారుకు ఒకే ప్రొటెక్టెంట్ లోపలా బయటా వాడొచ్చా?

ఎమ్మార్‌పల్లి_హ్యాచ్: అన్నలూ, తిరుపతిలో మా అపార్ట్‌మెంటుకు షెడ్డు లేదు, కారు పగలంతా ఎండలోనే. డ్యాష్‌బోర్డు పైన వెలిసిపోతోంది. బంపరు కింది నల్ల ప్లాస్టిక్ తెల్లబారింది. డోరు రబ్బర్లు కిర్రుమంటున్నాయి. యాక్సెసరీస్ షాపులో ప్రొటెక్టెంట్ (ఎండకు పాడవకుండా ప్లాస్టిక్‌కు, రబ్బరుకు పూసే ద్రవం) డబ్బా ఒకటి చేతిలో పెట్టి డ్యాష్‌బోర్డుకు, సీటుకు, టైరుకు అన్నిటికీ ఇదే కొట్టుకోమన్నారు. కొట్టొచ్చా? వాహన పూజప్పటి పసుపు, కుంకుమ డ్యాష్‌బోర్డు గరుకులో ఇరుక్కున్నాయి, అవెట్లా పోతాయి? వచ్చే వారం ఇంట్లోవాళ్లతో కొండకు పోవాలి.

చిత్తూరు_డీటెయిలర్: ముందు డబ్బా వెనక చదవండి. మంట బొమ్మ గానీ, పెట్రోలియం డిస్టిలేట్స్ అన్న మాట గానీ ఉంటే అది సాల్వెంట్ రకం, కారు లోపలికి తేవద్దు. జిడ్డుగా మెరుస్తుంది, దుమ్మంతా పట్టుకుంటుంది. పైగా ఆ మెరుపు ముందు అద్దంలో పడి, ఘాట్ మలుపులో ఎండ ఎదురైనప్పుడు రోడ్డు కనిపించదు. లోపలికి నీళ్ల బేస్‌తో, మెరుపు లేకుండా ఆరేదే తీసుకోండి.

కుంకుమ మీద తడిగుడ్డ పెట్టారంటే పని రెట్టింపు. పొడి నీళ్లతో కలిసి గరుకులోకి దిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో లేపుతూ, పక్కనే వ్యాక్యూమ్ పైపు పట్టుకోండి. పసుపుకు సబ్బునీళ్లు తగిలితే ఎర్రబడుతుంది, ఎందుకంటే సబ్బు క్షారం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, గుడ్డకు అద్ది తుడవండి. ముందు కనపడని మూల ఒకచోట చూసుకోండి. మిగిలిన పసుపు ఛాయ గురించి బెంగ వద్దు, ఎండకు అదే వెలిసిపోతుంది.

తర్వాత ఇంటీరియర్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వండి. ప్రొటెక్టెంట్ డ్యాష్‌బోర్డు మీద నేరుగా కొట్టొద్దు, స్విచ్చుల్లోకి, ఏసీ వెంట్లలోకి పోతుంది. మైక్రోఫైబర్ గుడ్డకు రెండు మూడు స్ప్రేలు చాలు. పూశాక ఇంకో పొడి గుడ్డతో చెయ్యి జారనంత వరకు తుడవాలి. స్టీరింగు, పెడళ్లు, గేరు నాబ్, కాళ్ల కింది మ్యాట్లు, వీటి జోలికి అసలు పోవద్దు. బ్రేకు మీద కాలు జారితే ఏమవుతుందో కొండ దిగేటప్పుడు తెలుస్తుంది.

బంపర్_బాబాయ్: బయటి ప్లాస్టిక్ తెల్లబారడంలో రెండు రకాలుంటాయి. పెయింటు అంచుల వెంబడి మరకలు మరకలుగా ఉంటే అది ఎప్పుడో రాసిన వ్యాక్స్, గరుకులో ఎండిపోయింది. ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్) ఒక వంతుకు నీళ్లు ఐదు వంతులు కలిపి బ్రష్‌తో రుద్దితే వస్తుంది. అంతటా ఒకే బూడిద రంగయితే ఎండకు పై పొర పాడైనట్టు. దానికి మామూలు డ్రెస్సింగ్ (పైపైన నలుపు తెచ్చే ద్రవం) కొడితే రెండు మూడు వాష్‌లకే పోతుంది, ట్రిమ్ కోటింగ్ (నల్ల ప్లాస్టిక్ మీద గట్టి పొరగా ఆరేది) అయితే నెలల తరబడి ఉంటుంది. కోటింగ్‌కు ముందు పైన చెప్పిన ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు పలచగా పూయాలి. వేడి మీద పూస్తే చారలు పడతాయి. ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు. హాట్ ఎయిర్ గన్‌తో నల్లబరిచే వీడియోలు చూసి మోసపోవద్దు, అది కొన్నాళ్ల ముచ్చటే, మళ్లీ మళ్లీ చేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

బంపరుకు పెయింటు వేయించే ఆలోచన ఉంటే సిలికాన్ ఏదీ ఇప్పుడు పూయకండి. కొత్త పెయింటు గుండ్రంగా గుంతలు పడుతుంది, పెయింటర్లు ఫిష్ ఐ అనేది అదే.

డోరు రబ్బరుకు సిలికాన్ గ్రీజు, డోరుకు బఠాణీ గింజంత. కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40, ఇంజిన్ ఆయిల్ వద్దు. ఆ రబ్బరు ఈపీడీఎం అనే సింథటిక్ రకం, నూనెలకు ఉబ్బి వదులైపోతుంది. పగుళ్లు వచ్చి ఉంటే మార్చడమే.

ఎమ్మార్‌పల్లి_హ్యాచ్: థ్యాంక్సన్నా. 303 ఏరోస్పేస్ ప్రొటెక్టెంట్ ఆన్‌లైన్‌లో ఉంది. అదొక్కటే లోపలికీ బయటికీ తీసుకుంటే?

చిత్తూరు_డీటెయిలర్: వాడొచ్చు, నీళ్ల బేసే. కానీ కొట్టి వదిలేస్తే చారలు పడతాయి, పూర్తిగా పొడి అయ్యేదాకా తుడవాలి. ఎండలో నిలిచే కారు బయటి భాగాలకు నెలా నెలన్నరకోసారి మళ్లీ కొట్టాల్సిందే. స్వేడ్ (నూగు ఉండే తోలు) మీద వద్దు.

రేణిగుంట_గ్యారేజ్: డ్యాష్‌బోర్డు విషయంలో నాదొక మాట. ముందు అద్దం లామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర), ఎండలోని యూవీ కిరణాల్లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. పక్క అద్దాల్లోంచే యూవీ-ఏ అనే రకం లోపలికొస్తుంది. డ్యాష్‌బోర్డును తినేది ముఖ్యంగా వేడి. వెండి రంగు సన్‌షేడ్ రోజూ పెడితే ఏ సీసా కంటే ఎక్కువ పని చేస్తుంది. మీ బడ్జెట్లో మొదటి ఖర్చు అదే కావాలి.

టైర్లు గోధుమ రంగుకు తిరిగితే అది మట్టి కాదు. రబ్బరును ఓజోన్ నుంచి కాపాడే రసాయనం లోపలి నుంచి పైకి తేలుతుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా బ్రష్‌తో కడిగి, ఆరాక పక్క గోడకు మాత్రమే నీళ్ల బేస్ డ్రెస్సింగ్ పలచగా పట్టించండి. ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీద చుక్క పడకూడదు. కాస్సేపాగి మిగులు తుడిచేయండి, లేదంటే చక్రం తిరిగినప్పుడు తలుపుల మీద నల్ల చుక్కలు చిందుతాయి. కొండకు పోయే పొద్దున చేసే పని కాదిది, ముందురోజు చేసుకోండి. బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా వెంటనే తుడవండి, ఉప్పు మచ్చల మీద ప్రొటెక్టెంట్ పూస్తే అవి దాని కిందే ఉండిపోతాయి.