థర్డ్ వార్డ్‌లో పాత ఇళ్లు నిలబెడితే పేట నిలుస్తుందా?

చర్చాంశం: హ్యూస్టన్‌లోని థర్డ్ వార్డ్ లాంటి నల్లజాతి పేటల్లో టౌన్‌హౌస్‌లు వరసగా లేస్తున్నాయి. పాత ఇళ్లు, మ్యూరల్స్ (గోడల మీది పెద్ద బొమ్మలు), పార్కులతో చరిత్రను కాపాడే కమ్యూనిటీ డిజైన్ అక్కడి జనానికి పనికొస్తుందా, లేక స్థలాల ధర పెంచి వాళ్లనే సాగనంపుతుందా? మారుపేర్లతో ముగ్గురి వాదన ఇది.

వసారా: పనికొస్తుంది. 1993లో థర్డ్ వార్డ్‌లో రిక్ లో అనే కళాకారుడు, మరో ఆరుగురు కళాకారులు కలిసి కూలిపోయే దశలో ఉన్న 22 షాట్‌గన్ ఇళ్లు తీసుకుని ప్రాజెక్ట్ రో హౌసెస్ మొదలుపెట్టారు. కొన్నింటిలో ప్రదర్శనలు, కొన్నింటిలో చదువుకుంటున్న ఒంటరి తల్లులు. షాట్‌గన్ ఇల్లంటే గదులన్నీ ఒకే వరసలో, వీధి వైపు వసారా, కింద దిమ్మెలు. బాగుచేసేటప్పుడు దిమ్మెల మధ్య ఖాళీని అందం కోసం ఇటుకతో మూసేయకండి. గాలి ఆడక తేమ చేరి అడుగు దూలాలు కుళ్లుతాయి, చెదలు పడతాయి. వసారాకు అద్దాలు బిగించినా అంతే నష్టం, వీధితో మాట బంద్.

ఇటుకబట్టీ: ఇళ్ల సంగతి సరే, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు హ్యూస్టన్‌లోనే కట్టుకున్న ఫ్రీడ్‌మెన్స్ టౌన్ ఏమైంది? 1985లో నేషనల్ రిజిస్టర్‌కి, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాకి, ఎక్కేనాటికి 500కు పైగా పాత కట్టడాలుండేవి. ఇప్పుడు చాలావరకు లేవు. యజమాని తన డబ్బుతో కూలగొట్టుకుంటే ఆ జాబితా ఆపదు. అక్కడి వాళ్లు పరిచిన వీధి ఇటుకలను కూడా 2016లో డ్రైనేజీ పనుల్లో పెకలించారు. ప్రతి ఇటుకకూ నంబరు వేసి, ఫొటో తీసి, అదే వరసలో తిరిగి పరిచే షరతు కాంట్రాక్టులోనే ఉండాలి.

దస్తావేజు: ఇద్దరూ అసలు చోటు వదిలేశారు. 1990ల చివర నగరం చుట్టూ తిరిగే లూప్ 610 రోడ్డు లోపల కనీస ప్లాటు 1,400 చదరపు అడుగులకు దిగింది. 5,000 అడుగుల పాత ప్లాటులో మూడు టౌన్‌హౌస్‌లు పడతాయి. పైగా చాలా ఇళ్ల కాగితాలు ఇంకా తాతల పేరు మీదే ఉంటాయి. ఊరు వదిలిన ఒక వారసుడు వాటా అమ్మితే, కొన్నవాడు పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేసి మొత్తం అమ్మకానికి పెట్టిస్తాడు. ముందు వీలునామాలు, టైటిళ్లు సరిచేయించండి. బొమ్మలు తర్వాత.

వసారా: టైటిల్ మాట ఒప్పుకుంటాను. "తర్వాత" ఒప్పుకోను. కళతో వచ్చిన నమ్మకం మీదే 2003లో రో హౌస్ సీడీసీ అనే పేట అభివృద్ధి సంస్థ పుట్టి, తక్కువ అద్దెకు డ్యూప్లెక్స్‌లు కట్టింది. వాటి రూపం కూడా ఆ వసారా ఇళ్లదే. వారసుల జాబితా కావాలన్నా, ఫొటోలు పట్టుకుని వసారాల్లో కూర్చున్న పెద్దలనే అడగాలి.

దస్తావేజు: అయితే ఆ కూర్చున్న పూటే ఇంటివారీగా రాసుకోండి: టైటిల్ ఎవరి పేర, వారసులెందరు, పన్ను బాకీ ఎంత. 2017 నుంచి టెక్సస్ చట్టం ప్రకారం అమ్మకం కోరినవాడి వాటాను మిగతా వారసులు కోర్టు కట్టిన విలువకు కొనుక్కోవచ్చు. కోర్టు నోటీసు పంపిన 45 రోజుల్లో చెప్పాలి, డబ్బుకు కనీసం మరో 60 రోజులు. ఆలోపు చేతికందేలా సంఘం దగ్గర నిధి ఉండాలి. మ్యూరల్‌కి అడిగే గ్రాంటుతోపాటే దానికీ అడగండి.