“రాయబారులమై” అన్నచోట మనం వదిలేస్తున్న మాట

సిరొంచ:
అందరికీ వందనాలు. ఒక మాట గురించి అడగాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. రెండవ కొరింథీయులకు 5వ అధ్యాయం, 20వ వచనం. మన పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: “కావున దేవుడు మా ద్వారా వేడుకొనినట్టు మేము క్రీస్తుకు రాయబారులమై దేవునితో సమాధానపడుడని క్రీస్తు పక్షముగా మిమ్మును బతిమాలుకొనుచున్నాము.”

రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మ తెలుగులో చదువుతుంది. నా కూతురు ఎనిమిదో తరగతి, మరాఠీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. అందుకని మరాఠీ బైబిల్ ఒళ్లో పెట్టుకుని, నానమ్మ చదివేచోట వేలు జరుపుకుంటూ వస్తుంది. మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచ తాలూకాలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ రాత్రి అమ్మ “రాయబారులమై” అనగానే పిల్ల ఆపేసింది. “నానమ్మా, ఇందులో వకీలు పని చేస్తున్నాం అని ఉంది” అంది. చూస్తే నిజమే. “ఆమ్హీ ఖ్రిస్తాచ్యా వతీనే వకిలీ కరతో” అని ఉంది. మా అమ్మకు వకీలంటే కోర్టు, నల్లకోటు. “మరి పౌలు ఎవరి కేసు వాదిస్తున్నాడు?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

రాయబారి అంటే మీ చెవికి ఏం వినిపిస్తుంది? ఇది అపొస్తలులు, పాస్టర్లకే చెందిన మాటా? తహసీలు దగ్గర జిరాక్స్ కొట్టు పెట్టుకుని అర్జీలు రాసే నాలాంటివాడికి కూడా వర్తిస్తుందా?

బల్లార్షా:
అన్నా, మరాఠీలో ఆ మాట తప్పుగా పడలేదు. ఇప్పుడు వకీలంటే కోర్టు మనిషే గానీ, పేష్వాల కాలంలో వకీలంటే ఒక దర్బారు తరఫున ఇంకో దర్బారులో ఉండే మనిషి. ఢిల్లీలో, హైదరాబాదు నిజాం దగ్గర పేష్వాల వకీళ్లు ఉండేవాళ్లు. అక్కడ మాట్లాడటం, ఉత్తరాలు రాసి పంపడం వాళ్ల పని. కాబట్టి మరాఠీ వకిలీ, తెలుగు రాయబారం ఒకప్పుడు ఒకే పని. కోర్టులు వచ్చాక వకీలు అటు వెళ్లిపోయాడు, అంతే.

“వతీనే” అన్న మాట మాత్రం వదలకండి. “తరఫున” అని. మన “పక్షముగా” అదే.

అహేరి:
తమ్ముడూ, నాకైతే రాయబారం అనగానే కృష్ణుడే గుర్తొస్తాడు. మా ఊళ్లో తెల్లవార్లూ పద్యనాటకం ఆడేవాళ్లు. చిన్నప్పుడు గోనెపట్టా మీద కూర్చుని చూశాను. అయిదూళ్లు ఇచ్చినా చాలని అడగడం, అవతలివాళ్లు కాదనడం. ఆ రాయబారం వెనక యుద్ధం ఉందని చూసేవాళ్లందరికీ తెలుసు. ఇంకోటి, ఇళ్లలో ఈ మాటకు అంత మంచి పేరు లేదు. “మధ్యలో నీ రాయబారాలేంటి?” అంటాం. ఇద్దరి మధ్య మాటలు మోసేవాళ్లని అంటాం. క్రీస్తుకు రాయబారులం అని చర్చిలో వినీ వినీ ఆ చెడ్డ వాసన మనకు తెలియడం లేదు కానీ, బయటివాళ్లకు తెలుస్తుంది.

పర్లాకిమిడి:
నేను రిటైరైన తెలుగు టీచర్ని. ఇక్కడ ఒడియాలో రాయబారిని రాజదూత అంటారు. వినగానే గుర్రం, పల్లకి కళ్ల ముందుకొస్తాయి. కన్నడంలో మన మాటే ఉంది, కాకపోతే బకారానికి ఒత్తు పెట్టి రాయభారి అని రాస్తారు.

సిరొంచ బాబు అసలు ప్రశ్నకు వస్తాను. ఆ వచనంలో “మేము” అని ఉంది, “మనము” అని లేదు. ఇది చిన్న విషయం కాదు. గ్రీకులో ఈ రెండింటికీ ఒకటే మాట. తెలుగులోకి తెచ్చినవాళ్లు ప్రతిచోటా ఆగి తేల్చుకోక తప్పదు. 18వ వచనం చూడండి: “ఆయన మనలను క్రీస్తుద్వారా తనతో సమాధానపరచుకొని, ఆ సమాధానపరచు పరిచర్యను మాకు అనుగ్రహించెను.” ఒకే వాక్యంలో మొదట “మనలను”, తర్వాత “మాకు”. సమాధానపడినవాళ్లు అందరూ. ఆ పని అప్పగించింది మాత్రం పౌలుకు, అతని తోటివాళ్లకు. 21కి వచ్చేసరికి మళ్లీ “మనము”. అనువాదకులు పొరపాటున అలా రాయలేదు, ఆలోచించే రాశారు. మరాఠీలో కూడా “ఆపణ్” (మనము) అనకుండా “ఆమ్హీ” (మేము) అన్నారు కదా, అదీ ఇదే. కాబట్టి ఈ వచనాన్ని చూపించి ప్రతి విశ్వాసినీ రాయబారి అనేయడం తెలుగు వాక్యం ఒప్పుకోదు.

అహేరి:
మాస్టారూ, అయితే మా పనేమీ లేదా? పౌలు పోయి దాదాపు రెండు వేల ఏళ్లయింది. “తండ్రి నన్ను పంపిన ప్రకారము నేనును మిమ్మును పంపుచున్నాను” అని యోహాను 20లో ఉందిగా.

పర్లాకిమిడి:
పని లేదనడం లేదమ్మా, ఆ వచనం మీద పెట్టకూడని బరువు పెట్టొద్దంటున్నాను. అందరికీ రాసిన మాట వేరే ఉంది. కొలస్సయులకు 3:17: “మాటచేత గాని క్రియచేత గాని, మీరేమి చేసినను” సమస్తమును “ఆయన పేరట చేయుడి”. అందులో “మీరు” అంటే సంఘమంతా. భార్యలు, భర్తలు, పిల్లలు, దాసులు అని ఆ వెంటనే పేరుపేరునా చెబుతాడు. “ఆయన పేరట” అన్నా, బల్లార్షా బాబు చెప్పిన “వతీనే” అన్నా దగ్గర దగ్గర మాటలే. కొరింథువాళ్ల సంగతి చూస్తే, 3వ అధ్యాయంలో వాళ్లను రాయబారులు అనలేదు, “క్రీస్తు పత్రిక” అన్నాడు. సిరాతో కాక మెత్తని హృదయాల మీద రాసిన ఉత్తరం. అందరూ చదువుకునేది.

ఇంకో సంగతి. లూకా 14:32లో ఒక రాజు, ఎదుటివాడి సైన్యం తనకు రెండింతలని తెలిసి, వాడు దూరంగా ఉండగానే “రాయబారము పంపి సమాధానము చేసికొనచూచును”. అక్కడి గ్రీకు మాట, పౌలు వాడిన మాట ఒకే కుటుంబం. పెద్దవాడు, వయసు మళ్లినవాడు అనే మాట నుంచి వచ్చింది, ఎందుకంటే ఊరి తరఫున పెద్దలనే పంపేవాళ్లు. లూకాలో బలం లేనివాడు బలమున్నవాడి దగ్గరికి రాయబారం పంపుతున్నాడు. లోకంలో పద్ధతి అదే. పౌలు వాక్యంలో అది తలకిందులైంది. అన్యాయానికి గురైనవాడు, బలమున్నవాడు తానే మనుషుల్ని పంపి బతిమాలిస్తున్నాడు. ఆ “బతిమాలుకొను” మీద ఎవరూ ఆగరు. అందరం “రాయబారి” దగ్గరే ఆగిపోతాం, గౌరవంగా ఉంటుంది కాబట్టి.

సిరొంచ:
మాస్టారూ, మీ చివరి రెండు మాటలు చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. పొడుగవుతుంది, ఏమనుకోవద్దు.

నా పనే రాయబారం. మా వైపు పెద్దవాళ్లకు తెలుగు తప్ప రాదు, కాగితాలన్నీ మరాఠీలో. సాత్‌బారా అనే పొలం హక్కు కాగితం, ఉత్పన్న దాఖలా అనే ఆదాయ పత్రం, వారసుల పేర్లు ఎక్కించడం, అన్నీ. వాళ్లు తెలుగులో చెబుతారు, నేను మరాఠీలో రాస్తాను. ఆఫీసు లోపల అన్నది మళ్లీ తెలుగులో వాళ్లకు చెబుతాను. “క్రైస్తవుడి కొట్టు, అక్కడ మోసం ఉండదు” అని పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది, సంతోషంగా కూడా ఉంటుంది. చిల్లర సరిగ్గా ఇవ్వడం, లేని ఆదాయం రాయకపోవడం, పని తొందరగా చేయిస్తానని డబ్బు తీసుకోకపోవడం, ఇవన్నీ చేస్తే ప్రభువు పేరు నిలబెట్టినట్టే అనుకుంటూ వచ్చాను.

పోయినేడు మిర్చి కోతల రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు. తండ్రి పోయాడు, పొలం సాత్‌బారాలో ఇద్దరన్నదమ్ముల పేర్లూ ఎక్కాలి. తమ్ముడు చంద్రపూర్‌లో ఉంటాడు. ఇద్దరికీ మాటల్లేక రెండేళ్లు. “నువ్వే ఫోన్ చేసి చెప్పు” అన్నాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. సంతకం కావాలి. ఖర్చు సగం సగం. బండి దారి అన్న వైపే ఉండాలి. ఆయన లేచి మెట్టు దిగాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా, “ఇంకొక మాట. కోతకు ఒక్కణ్ణే అయిపోయిన. ఒక్కసారి వచ్చి కూసోని పొమ్మను” అన్నాడు.

ఆ మాట నేను రాసుకోలేదు. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అది కాగితానికి సంబంధించింది కాదు అనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి మూడు విషయాలూ నిమిషంలో చెప్పేశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన అంతా విని, “అంతేనా? ఇంకేమన్నా అన్నాడా?” అని అడిగాడు.

“అంతే” అన్నాను.

సంతకం పెట్టిన కాగితం ఎవరి చేతో పంపించాడు. మనిషి రాలేదు. పేర్లు ఎక్కాయి. పని అయిపోయిందని నేను మర్చిపోయాను.

నిన్న మీరు “బతిమాలుకొను” అన్నాక ఆ తువ్వాలు గుర్తొచ్చింది. షరతులన్నీ మోశాను, బతిమాలిన మాట ఒక్కటే వదిలేశాను. నేను అబద్ధం ఆడలేదు. కానీ పంపినవాడి మనసు చేరలేదు. దేవుడి విషయంలో కూడా నేను ఇదే చేస్తున్నానేమో. మా కొట్టుకు వచ్చేవాళ్లకు నన్ను చూస్తే దేవుడి షరతులు అర్థమై ఉంటాయి: తాగడు, అబద్ధమాడడు, ఆదివారం కొట్టు తీయడు. ఆయన బతిమాలుతున్నాడని మాత్రం నన్ను చూసి ఎవరికీ తెలిసి ఉండదు.

బల్లార్షా:
అన్నా, సామెతలు 13:17 ఉంది కదా. “నమ్మకమైన రాయబారి ఔషధమువంటివాడు.” అక్కడ రాయబారి అపొస్తలుడు కాదు, ఏ వర్తమానం మోసేవాడైనా సరే. మాస్టారి “మేము”, “మనము” గొడవ ఆ వచనానికి అడ్డం రాదు. ఔషధం సగం మోతాదు వేస్తే పని చేయదు. నిన్ను తప్పు పట్టడానికి అనడం లేదు, నేనూ మా ఇంట్లో అదే చేశాను.

ఇప్పుడు ఫోన్ చేయొచ్చు కదా?

సిరొంచ:
చేశాను అన్నా, ఈ పొద్దునే. మొదట పెద్దాయన ఇంటికి వెళ్లి, “మీరు చెప్పిన మాట ఒకటి నేను మీ తమ్ముడికి చెప్పలేదు, క్షమించండి” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చెప్పనా అని అడిగాను. తల ఊపాడు. అక్కడే అరుగు మీద కూర్చుని ఫోన్ చేశాను. “ఎప్పుడన్నాడు ఆ మాట?” అన్నాడు తమ్ముడు. పోయినేడు కోతలప్పుడు అన్నాను. చాలాసేపు మాటలేదు. తర్వాత “మళ్లీ చెప్పు” అన్నాడు. పెద్దాయన మాటల్లోనే చెప్పాను, ఒక్కణ్ణే అయిపోయిన అని. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

అహేరి:
దేవుడు వాళ్లిద్దర్నీ కలపాలి తమ్ముడూ. మా సహవాసంలో ఈ రాత్రి ప్రార్థన చేస్తాం, పేర్లు అక్కర్లేదు.

మాస్టారూ, ఒక సందేహం. “సమాధానపడుడి” అంటే ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. తెలుగులో సమాధానం అంటే పరీక్షలో జవాబు. మా పిల్లలకు మరాఠీ సమాధాన్ అంటే తృప్తి. ఈ మాట ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి:
ఇక్కడ ఒడియా పిల్లలకైతే లెక్క తేలడం, చిక్కు విడిపోవడం. మూడు భాషల సరిహద్దులో ఉన్న మాట అది, పాపం. రాజీపడండి అనొచ్చుగానీ, రాజీ అంటే ఇద్దరూ కాస్త కాస్త తగ్గడం. ఇక్కడ తగ్గినవాడు ఒక్కడే. అందుకని నేను ఇలా రాసి చూశాను:

“దేవుడే మా నోటితో మిమ్మల్ని అడుగుతున్నాడనుకోండి. మేము క్రీస్తు తరఫున వచ్చినవాళ్లం. ఆయన తరఫున మిమ్మల్ని బతిమాలుతున్నాం, దేవుడితో కలిసిపోండి.”

“రాయబారి” వదిలేశాను. ఇష్టం లేక కాదు, ఇక్కడ ఆ మాట పల్లకీ ఎక్కి కూర్చుంటోంది. అహేరి అమ్మాయి చెప్పిన చెడ్డ వాసన కూడా ఉంది. “మేము” మాత్రం వదలను.

సిరొంచ:
మాస్టారూ, ఇది రాత్రి అమ్మకు చదివి వినిపించాను. “కలిసిపోండి” దగ్గర ఆగమంది. అన్నదమ్ముల పంచాయితీల్లో మా నాన్న చివరికి అనేమాట అదేనట, నాకు గుర్తు లేదు. పాప ఆ మూడు వాక్యాలూ దేవనాగరి అక్షరాల్లో రాసుకుంది. “బతిమాలుతున్నాం” అన్నది మాత్రం నన్ను రెండుసార్లు పలకమని, విని రాసింది.