ఆరేళ్లుగా అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోయాను, ఏం చేయాలి?

ప్రశ్న: మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ విభాగంలో పని చేస్తున్నాను. క్లాసులు, ఇంటర్నల్స్, తనిఖీల ఫైళ్లు అన్నీ నా మీదే. నిన్న రీసెర్చ్ కమిటీ జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. ఏడు పేర్లు, ఒక్క ఆడవారి పేరూ లేదు. అడిగితే, "మీకు చిన్న పిల్లలు కదమ్మా, ఎందుకు శ్రమ అని" అన్నారు. నన్ను అడగనేలేదు! రాత్రంతా నిద్ర పట్టలేదు.

జవాబు: మేడమ్, ముందు పబ్లికేషన్లు చూసుకోండి. ప్రమోషన్ దగ్గర అడిగేది అదే. బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు చేశారా? చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతుంది. నేనైతే మా పాప పడుకున్నాక రాత్రి పదింటికి వీడియోలు చూసి పూర్తి చేశాను.

మరొకరి జవాబు: కమిటీలో వేయమని కాగితం మీద అడగండమ్మా. ఎవరో పిలుస్తారని నేను పదేళ్లు పోగొట్టుకున్నాను. ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, నకలు మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాను. మూడో నెలలో, పరిశోధనల్లో నైతిక నియమాలు చూసే ఎథిక్స్ కమిటీలోకి తీసుకున్నారు. కోయంబత్తూరు పీఎస్‌జీ మెడికల్ కాలేజీ వాళ్ల ఫెయిమర్ ఫెలోషిప్ (వైద్య అధ్యాపకులకు శిక్షణ) కూడా చూడండి. వైద్యవిద్య, నాయకత్వం రెండూ నేర్పుతారు.

ప్రశ్న అడిగినవారు: ఉత్తరం రాసేశానండీ. రేపు క్లాసు అవగానే ఇస్తాను.