పొలం మునిగిన నష్టం మీద గ్రామసభ: కొట్లాట కాకుండా ఎట్లా నడపాలె?

ప్రాణహిత ఒడ్డు:
మహారాష్ట్రల సిరొంచా తాలూకాలో మాది గోదావరి పక్క ఊరు. మేడిగడ్డ బ్యారేజీ వెనుకనీళ్లల్ల మునిగిన పొలాల పరిహారం మీద వచ్చే వారం గ్రామసభ ఉన్నది. సభ నడిపే పని నాకు అప్పజెప్పిన్రు. "వరదకు మునిగిందా, బ్యారేజీకా", "లిస్టుల ఎవరి పేరున్నది" అనే మాటలు రాంగనే అందరూ ఒక్కసారే లేస్తరు. ఎవరి నోరూ మూయకుండా ఠరావు (తీర్మానం) దాకా ఎట్లా తీస్కపోవాలె?

గోదారి గట్టు:
అన్నా, ముందుగాల ఆ రెండు మాటల్ని విడగొట్టుండ్రి. నీళ్లు ఎందుకు ఎక్కినయన్నది అరిచి తేల్చే సంగతి కాదు. బ్యారేజీ పూర్తి నీటిమట్టం 100 మీటర్లు. పొలం ఎంత ఎత్తుల ఉన్నది, నీళ్లు ఏ తారీఖున ఎక్కినయ్, ఏ తారీఖున దిగినయ్, అప్పుడు గేట్లు మూసున్నయా తెరిచున్నయా? ఇవి కాగితం మీదికొస్తే సగం వేడి అక్కడనే చల్లారుతది. ప్రతి పొలానికి ఒక వరుస: సర్వే నంబరు, సాత్‌బారాల (7/12 భూమి రికార్డుల) పేరు, మునిగిన ఎకరాలు, తారీఖులు, పంచనామా అయిందా లేదా. సభకు రెండు రోజుల ముందే గోడకు అంటియ్యుండ్రి, తప్పులుంటే సభకు ముందే చెప్తరు. తగువున్న వరుసకు ఎర్రగీత పెట్టి పక్కన పెట్టుండ్రి. పక్క పొలం రైతులిద్దరు, తలాఠీ (ఊరి భూమి లెక్కలు చూసే అధికారి) కలిసి ఎప్పుడు పోయి చూడాల్నో ఆ తారీఖు మాత్రమే సభల రాస్తే చాలు.

మాట్లాడెటోళ్ల పేర్లు మొదట్లనే రాసుకోవాలె. మైకు ఒక్కటే, మనిషికి మూడు నిమిషాలు. అందరికీ ఒక వంతు అయినంకనే రెండో వంతు. నడిపే మనిషి జవాబులు చెప్పొద్దు. చెప్పిన్రంటే మీరూ ఒక పక్షమే. మనిషి మీద మాట పడంగనే, వాళ్లు ముగించేదాక ఆగకుండా, "పొలం సంగతి చెప్పున్రి" అని నెమ్మదిగ ఆపాలె. మళ్ల అంటే వంతు అయిపోయినట్టే. ఈ పద్ధతి మీ చుట్టాలకు ముందు పెట్టుండ్రి. మనోళ్లను వదిలి అవతలోళ్లను ఆపితే ఇంక మీ మాట ఎవరూ వినరు.

అందరూ లేస్తే మైకుల మీరు అరవొద్దు, మైకు బందు పెట్టుండ్రి. పది నిమిషాలు చాయ్‌కి ఆపి, ఆపేముందు "మళ్ల మొదలైనంక ఫలానా ఆయన వంతు" అని చెప్పుండ్రి. వంతు పోదని తెలిస్తే మనిషి కూసుంటడు.

సీతక్క:
తమ్మీ, గ్రామసభకు ముందు మహిళా సభ పెట్టాలె, దాన్ని పేరుకు మాత్రం జరపొద్దు. మునిగిన పొలంల కూలి పోయినోళ్లు ఎక్కువ ఆడోళ్లే, సాత్‌బారాల వాళ్ల పేరుండది. అక్కడ రాసిన మాటలు పెద్ద సభల మొదట చదివిస్తే చర్చ పేర్ల లిస్టు కాడనే తిరగదు. అదే రోజు అటవీ హక్కుల సంగతి కూడా పెడితే కోరం వేరు: సభ్యులల్ల సగం మంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లుండాలె. నా మాటైతే రెండూ ఒక్కరోజు పెట్టొద్దు.

ప్రాణహిత ఒడ్డు:
మంచిగ చెప్పిన్రు. తాగొచ్చెటోళ్ల సంగతి ఏంది? ఠరావు రాసుడు కాడ కూడా లొల్లి అయితది.

ఠరావు రాసెటోడు:
సభ పొద్దున తొమ్మిదింటికి పెట్టుండ్రి. అయినా తాగొస్తే మైకు ముందర వాదన పెట్టుకోవద్దు, వాళ్లింటోళ్లతోనే తీస్కపొమ్మని చెప్పాలె.

ఠరావు మరాఠీల రాస్తరు, మాటలేమో తెలుగుల, గోండిల నడుస్తయ్. లొల్లి పుట్టేది ఈడనే. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) ఒక్కో వాక్యం రాయంగనే తెలుగుల, గోండిల చదివి వినిపించాలె. పరిహారానికొక ఠరావు, తగువు పొలాల కొలతకొకటి. రెండూ ఒక్కదాంట్ల కలిపితే ఒకదాని మీద కోపంతోని రెండోదానికి కూడ సంతకం పెట్టరు. ఒప్పుకోనోళ్ల పేరు, కారణం అందుల్నే రాయాలె. ఖాళీ కాగితం మీద సంతకాలు అస్సలు తీసుకోవద్దు. చివరి వాక్యం కింద మిగిలిన జాగకు అడ్డగీత కొట్టినంకనే సంతకాలు మొదలు పెట్టుండ్రి, పోయేటప్పుడు నకలు ఒకటి ఫోటో తీస్కోండ్రి.